కొత్త గేమింగ్ పీసీ కొనాలా, పాతదాన్నే బాగుచేసుకోవాలా?

ప్రశ్న: నా గేమింగ్ పీసీ 2018 చివర్లో కొన్నది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 (6 జీబీ) గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) ఉన్నాయి. మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్. కొత్త గేములు ఆగి ఆగి నడుస్తున్నాయి, ఒకటి రెండు అసలు తెరుచుకోవడమే లేదు. ఇంకా విండోస్ 10 మీదే ఉన్నాను. 11కి వెళదామంటే నా పీసీ పనికిరాదని మెసేజ్ వస్తోంది. అన్నీ కొత్తవి కొంటే నా ఆరు నెలల పొదుపు ఖర్చవుతుంది. 18 నెలల ఈఎంఐ ఇస్తామంటున్నారు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ. కార్డు, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే మారిస్తే మూడు నెలల పొదుపుతో అయిపోతుంది: కార్డుకు రెండు నెలలది, మిగతా రెండింటికీ చెరో అర నెలది. ‘పాత డొక్కు మీద డబ్బులు తగలెయ్యకు’ అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఫోన్ ఈఎంఐ ఇంకా ఐదు నెలలు కట్టాలి. అత్యవసరానికని రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు దాచుకున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: కొత్తది ఇప్పుడు కొనకండి. ఈఎంఐ మీద అయితే అసలే వద్దు. ఫోన్ బాకీ తీరేదాకా ఆగి, ముందు ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు మార్చండి. ప్రాసెసర్ సంగతి ఆ తర్వాత చూద్దాం. ఎందుకో వివరంగా చెబుతాను.

మీ ఫ్రెండ్స్ మాటలో కొంత నిజం ఉంది, అందుకే దాన్నే ముందు తీసుకుందాం. కొత్త పీసీ ఆరేళ్లు నడుస్తుందనుకుంటే, ఏడాదికి ఒక నెల పొదుపు ఖర్చు. పాతదానికి మూడు నెలల పొదుపు పెడితే ఇంకో మూడేళ్లు నడుస్తుందనుకుందాం. అప్పుడూ ఏడాదికి ఒక నెల పొదుపే. లెక్క సమానంగా వచ్చింది కదా, అలాంటప్పుడు కొత్తదే మేలనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

కానీ ఆ మూడేళ్లు గడిచాక మీ చేతిలో ఏం మిగులుతుందో చూడాలి. ఇప్పుడు కొన్న గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్ రెండూ విప్పి తర్వాతి పీసీలో పెట్టుకోవచ్చు. మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు ఏడు నుంచి పదేళ్ల దాకా వారంటీ ఉంటుంది. మీరు పెట్టే మూడు నెలల పొదుపులో రెండున్నర నెలలది మీతోనే వస్తుంది. ఈ మదర్‌బోర్డుతో పాటు పోయేది ప్రాసెసర్‌కు పెట్టిన అర నెల పొదుపు మాత్రమే. పాత పీసీ మీద పెట్టే ఖర్చంతా ఒకే రకం కాదు. కొన్ని భాగాలు తర్వాతి మెషీన్‌కు మీ వెంట వస్తాయి, కొన్ని ఉన్నచోటే ఆగిపోతాయి. అప్‌గ్రేడ్ గురించి నన్ను ఎవరు అడిగినా నేను ముందు చూసేది ఈ తేడానే.

మీ అదృష్టం కొద్దీ మీ బోర్డు మంచిది. రైజెన్ తయారీ సంస్థ ఏఎండీ, మీ బోర్డులో ఉన్న ఏఎం4 సాకెట్‌కు (ప్రాసెసర్ కూర్చునే చోటు) చాలా ఏళ్లపాటు కొత్త ప్రాసెసర్లు తెచ్చింది. 2018లో వచ్చిన బీ450 బోర్డులో, బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే, 2022లో వచ్చిన రైజెన్ 5 5600, రైజెన్ 7 5700ఎక్స్ లాంటివి కూడా కూర్చుంటాయి. ర్యామ్ మార్చక్కర్లేదు. అదే కాలంలో ఇంటెల్ ఏడో తరం కొన్నవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. ఎనిమిదో తరానికి సాకెట్ పేరు అదే అయినా బోర్డు మార్చాల్సి వచ్చింది. వాళ్ల ప్రాసెసర్లు విండోస్ 11కు కూడా దాదాపు పనికిరావు. మీ స్థానంలో ఆ పీసీ ఉన్నవారు అడిగి ఉంటే, దాని మీద ఒక్క పైసా పెట్టకుండా కొత్తదాని కోసం దాచుకోండి అనేవాణ్ణి.

ఇప్పుడు ఈఎంఐ. 12 శాతం అనగానే ఫర్వాలేదనిపిస్తుంది. ఫ్లాట్ వడ్డీ అంటే, మీరు నెల నెలా అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా మొదట తీసుకున్న మొత్తం మీదే వేస్తారు. 100కి ఏడాదికి 12 చొప్పున ఏడాదిన్నరకు 18 వడ్డీ. తగ్గుతూ పోయే బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి దాదాపు 21.6 శాతం వడ్డీతో సమానం. మీ ఆరు నెలల పొదుపు ఖరీదైన పీసీకి చివరికి ఏడు నెలల పొదుపు పైనే కడతారు. ఆ ఎక్కువ కట్టే ఒక నెల పొదుపుతో మీ ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్ రెండూ వచ్చేస్తాయి. పైగా ఏడాదిన్నరపాటు ప్రతి నెలా మీ పొదుపులో దాదాపు 40 శాతం ఈ వాయిదాకే పోతుంది. ఈలోగా ఉద్యోగంలో ఏదైనా తేడా వస్తే ఆ టెన్షన్ వేరు. వడ్డీ లేని ఈఎంఐ అని చెప్పినా ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి. ఆ తగ్గింపు మీకు ఇవ్వకపోతే వడ్డీ అందులోనే ఉందని అర్థం.

ఇంకో సంగతి చెప్పాలి. గేముల మీద ఖర్చు దుబారా అని నేను అనడం లేదు. పనంతా అయ్యాక రోజూ రెండు గంటలు స్నేహితులతో ఆడుకునే వస్తువుకు డబ్బు పెట్టడం సరైన ఖర్చే, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు. అది అప్పుతో రాకూడదు, అత్యవసర నిధిలోంచి రాకూడదు, అంతే. రెండు నెలల ఖర్చులకు దాచినది తక్కువే. దాన్ని కనీసం మూడు నెలలకు, వీలైతే ఆరు నెలలకు పెంచాలి. అందుకని ఈ నెల నుంచే పొదుపును రెండుగా విడదీయండి. సగం అత్యవసర నిధికి, సగం పీసీకి. ఐదు నెలలయ్యేసరికి పీసీ వైపు రెండున్నర నెలల పొదుపు జమవుతుంది, సరిగ్గా కార్డుకు, ఎస్‌ఎంపీఎస్‌కు కావలసినంత. ఫోన్ ఈఎంఐ కూడా అప్పటికే అయిపోతుంది. ఆ వాయిదా డబ్బును కూడా నిధి వైపే మళ్లించండి.

ఈ ఐదు నెలలూ ఊరికే కూర్చోమనడం లేదు. ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి, వాటితో మీ సమస్య కొంత ఇప్పుడే తీరవచ్చు.

మొదటిది విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. నమోదు చేసుకున్న ఇళ్లలోని పీసీలకు పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా 2026 అక్టోబరు 13 వరకే. కానీ మీ పీసీ 11కు పనికిరాకపోవడమేమిటి? రైజెన్ 5 2600 మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో ఉంది. ఆ కాలం బోర్డుల్లో చాలావాటికి విండోస్ 11 అడిగే ఎఫ్‌టీపీఎం అనే సెక్యూరిటీ ఆప్షన్ బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది, ఎక్కువసార్లు ఆ మెసేజ్‌కు కారణం అదే. బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయండి. మీ డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే జీపీటీకి మార్చాలి, అందుకు విండోస్‌లోనే టూల్ ఉంది. ముందు ఫొటోలు, ఫైళ్లు మరోచోట కాపీ చేసుకోవడం మరచిపోవద్దు. విండోస్ 11 కోసమే కొత్త పీసీ కొనేద్దామని అనుకుని ఉంటే, ఈ ఒక్క సెట్టింగ్‌తో ఆరు నెలల పొదుపు ఖర్చు తప్పినట్టే.

రెండోది ర్యామ్ వేగం. డబ్బా మీద 3200 అని ఉన్నా, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఆన్ చేయకపోతే అది 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంది. రైజెన్‌లకు ర్యామ్ వేగంతో పాటు ప్రాసెసర్ పనితీరు కూడా మారుతుంది. 2600కు 3200 నిలకడగా ఉండకపోతే 2933 పెట్టుకోండి. 16 జీబీ ఒకే స్టిక్ అయితే అదీ ఒక లోపమే, రెండు ఎనిమిదులు మేలు. అలాగే మానిటర్ 144 హెర్ట్జ్ అయినా విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 దగ్గర ఉండిపోయిందేమో చూడండి. ఇలా ఉండిపోవడం మీరనుకునే దానికన్నా మామూలు విషయం. ఇన్నేళ్లకు దుమ్ము కూడా పట్టి ఉంటుంది, చిప్ వేడిని కూలర్‌కు అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. వేడెక్కిన చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి శుభ్రం చేశాకే మెషీన్ అసలు సత్తా తెలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక ఒక పరీక్ష. మీకు ఇబ్బంది పెడుతున్న గేమ్‌ను ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో) కనిపించేలా పెట్టుకుని ఆడండి. తర్వాత రెజల్యూషన్ 720పీకి తగ్గించి అదే చోట మళ్లీ ఆడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే అడ్డంకి గ్రాఫిక్స్ కార్డు. ఏమీ పెరగకపోతే అడ్డంకి ప్రాసెసర్. మీ విషయంలో కార్డే తేలుతుందని నా అంచనా. జీటీఎక్స్ 1060 వచ్చింది 2016లో. దానిలో రే ట్రేసింగ్‌కు (వెలుగునీడలను నిజంలా చూపే పద్ధతి) ప్రత్యేక హార్డ్‌వేర్ లేదు. కొన్ని కొత్త గేములు అది లేకపోతే అసలు మొదలవ్వవు, మీకు తెరుచుకోనివి బహుశా అలాంటివే. పైగా దాని తయారీ సంస్థ ఎన్విడియా ఈ తరం కార్డులకు 2025 అక్టోబరుతో గేమ్ డ్రైవర్లు ఆపేసింది. 2028 అక్టోబరు వరకు మూడు నెలలకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఇస్తానంది. మీ పీసీలో నిజంగా ముసలిదైపోయింది ఆ కార్డే.

కొత్త కార్డు ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. మీ బోర్డులో కార్డు పెట్టే స్లాట్ పాత పీసీఐఈ 3.0 రకం. కొన్ని మధ్యస్థాయి కార్డులు 16కు బదులు 8 లేన్లే (డేటా వెళ్లే దారులు) వాడతాయి. కార్డులోని మెమరీ నిండిపోయినప్పుడు అలాంటివి పాత స్లాట్‌లో ఎక్కువ తడబడతాయి. అందుకని 8 జీబీ కన్నా 12 లేదా 16 జీబీ ఉన్నదాన్ని చూడండి, ఒక మెట్టు దిగువ మోడల్ అయినా సరే. తర్వాతి పీసీకి మీ వెంట రావాల్సింది ఇదే కాబట్టి ఇక్కడ మరీ బిగపట్టకండి.

ఎస్‌ఎంపీఎస్ గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. దాదాపు అందరూ దీన్నే వాయిదా వేస్తారు, ఎందుకంటే ఇది మారిస్తే ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు. కానీ మీ 450 వాట్లది ఏడేళ్లు దాటింది. రెండు నెలల పొదుపు పోసి కొన్న కార్డును దానికి తగిలించడం మంచిది కాదు. 650 లేదా 750 వాట్లది, వారంటీ ఎక్కువున్నది తీసుకోండి. మార్చేటప్పుడు పాత కేబుళ్లను కొత్తదానికి వాడొద్దు. ప్లగ్ ఒకేలా ఉండి పట్టినా, కంపెనీని బట్టి లోపల వైర్ల అమరిక మారుతుంది. కరెంటు తప్పు వైరులో వెళ్లి డిస్కులు కాలిపోతాయి.

కార్డు మార్చాక మళ్లీ అదే 720పీ పరీక్ష చేయండి. మీ గేములు మీకు నచ్చినట్టు నడుస్తుంటే ప్రాసెసర్ మార్చకండి, ఆ అర నెల పొదుపు కూడా మిగిలినట్టే. మార్చాల్సే వస్తే పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, కొత్తది పెట్టాక స్క్రీనే రాకపోతే అప్‌డేట్ చేయడం కష్టం. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి. ఏఎం4లో పిన్నులు సాకెట్‌కు కాదు, ప్రాసెసర్‌కు ఉంటాయి. ఎండిన పేస్ట్ అతుక్కుపోయి, కూలర్ లాగితే దానితోపాటు ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు గేమ్ ఆడి వేడెక్కించి, పీసీ ఆపి, కరెంటు తీసేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు పైకి ఎత్తండి.

ఇప్పుడే అన్నీ కొత్తవి వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొత్త ఏఎం5 బోర్డుకు వెళితే డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి, మీ ర్యామ్ పనికిరాదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. తయారీ కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లడమే దీనికి కారణం. మైక్రాన్ అయితే మామూలు కొనుగోలుదారులకు అమ్మే తన క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. పనిచేస్తున్న 16 జీబీ మీ దగ్గర ఉండగా ఇలాంటి సమయంలో దాన్ని పక్కన పడేయడం నష్టం.

ఒకవేళ ఈ ఐదు నెలల్లో మదర్‌బోర్డే పోతే లెక్క మారుతుంది. దానికి మరో పాత బోర్డు వెతకడానికి ఒక వారం కన్నా ఎక్కువ తిరగకండి. దొరక్కపోతే జమచేసిన డబ్బు కొత్త బోర్డు, ప్రాసెసర్, ర్యామ్‌లకు పెట్టి, 1060నే ఇంకొన్నాళ్లు నడపండి.

కొత్త కార్డు సరిగ్గా నడుస్తోందని రెండు వారాలు చూసుకుని 1060ను అమ్మేయండి. డ్రైవర్లు ఆగిపోయిన కార్డుకు నెల నెలా గిరాకీ తగ్గుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఎవరికీ అమ్మొద్దు, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇచ్చేయండి.