ఏడు నిమిషాల ఆటగాడి గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ఇటలీ ఫుట్‌బాల్ క్లబ్ మిలాన్‌లో ఎదిగిన కుర్ర స్ట్రైకర్ ఫ్రాంచెస్కో కమార్దా మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆట మీద నీకున్న ఇష్టం వాక్యవాక్యానా కనబడుతోంది. కానీ మొదటి పేరాలోనే ‘ఇటలీకి దొరికిన మహా స్ట్రైకర్’ అనేశావు. ఇంకా ఇరవై నిండని కుర్రాడికి ఆ మాట ఖర్చు పెట్టేస్తే, రేపు నిజంగానే అంతవాడైతే ఏ మాట వాడతావు? కెరీర్ మొదట్లో ఉన్నవాడి గురించి రాసేటప్పుడు మన చేతిలో ఉండే సరుకు చాలా తక్కువ. ఎన్ని నిమిషాలు ఆడాడు, ఏ స్థాయిలో ఆడాడు, అతనికి ఆ చోటు ఎలా ఖాళీ అయింది. విశేషణాలన్నీ కొట్టేసి ముందు ఈ సంగతులు రాయి.

ఇటలీ అగ్ర లీగ్ సీరీ-ఎలో అతను అందరిలోకీ చిన్నవాడిగా అడుగుపెట్టిన రోజునే తీసుకుందాం. ‘15 ఏళ్ల 260 రోజుల వయసులో రికార్డు’ అని రాశావు. అంకె సరైనదే. అయినా ఎక్కడో చూసి దించకు, నువ్వే లెక్క కట్టు. పుట్టింది 2008 మార్చి 10న. మ్యాచ్ జరిగింది 2023 నవంబర్ 25న, మిలాన్ సొంత మైదానం సాన్ సీరోలో, ఫియోరెంటీనా జట్టుతో. మార్చి 10తో 15 ఏళ్లు నిండాయి. ఆ నెలలో మిగిలినవి 21 రోజులు, ఆపైన ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జులై 31, ఆగస్టు 31, సెప్టెంబర్ 30, అక్టోబర్ 31, నవంబర్ 25. కూడితే 260. రెండు నిమిషాల పని. పుట్టిన తేదీ తప్పుగా రాసుకుని ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

రోజులు సరిపోయాయి. మరి చోటు ఎలా దొరికిందో నీ వ్యాసంలో లేదు. అసలు కథ అక్కడే ఉంది. అంతకు రెండు వారాల ముందు, నవంబర్ 11న, లెచ్చే జట్టు మైదానంలో మిలాన్ 2-2తో డ్రా చేసుకుంది. ఆ ఒక్క మ్యాచ్‌లోనే రఫాయెల్ లెయావ్ గాయపడ్డాడు, ఒలివియే జిరూకి రెడ్ కార్డు పడి నిషేధం వచ్చింది. ముందు వరుసలో ఆడే ఓకాఫోర్ కూడా గాయంతోనే ఉన్నాడు. ఫియోరెంటీనా మ్యాచ్ నాటికి ముందు వరుసలో మిగిలిన అసలైన స్ట్రైకర్ లూకా యోవిచ్ ఒక్కడే. కమార్దాకు 16 నిండలేదు కాబట్టి క్లబ్ సమాఖ్య నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకుంది. 83వ నిమిషంలో కోచ్ స్తెఫానో పియోలి యోవిచ్‌ను బయటికి పిలిచి ఇతన్ని దింపాడు. తెయో ఎర్నాండెజ్ పెనాల్టీతో మిలాన్ అప్పటికే 1-0 ఆధిక్యంలో ఉంది, స్కోరు అక్కడే నిలిచింది. ఇంజురీ టైమ్ పక్కన పెడితే ఆ రోజు కుర్రాడి వాటా ఏడు నిమిషాలు. ఇదంతా వరసగా చెబితే రికార్డు చిన్నబోదు. ఒక పదిహేనేళ్ల పిల్లవాడు అక్కడిదాకా ఎలా వచ్చాడో పాఠకుడికి అప్పుడే తెలుస్తుంది.

‘చిన్న వయసు రికార్డే గొప్ప భవిష్యత్తుకు గుర్తు’ అన్న వాక్యం తీసెయ్. కమార్దాకు ముందు ఆ రికార్డు బొలోన్యా కుర్రాడు విజ్డమ్ అమేది, 2021లో, 15 ఏళ్ల 274 రోజులు. అంతకుముందు ఇద్దరు సరిగ్గా ఒకే అంకె మీద ఉండేవాళ్లు: 1937లో రోమాకు ఆడిన అమేదేయో అమాదేయి, 2016లో జెనోవాకు ఆడిన పియెత్రో పెల్లెగ్రి. ఇద్దరిదీ 15 ఏళ్ల 280 రోజులే. అమాదేయి 1942లో రోమాకు తొలి లీగ్ టైటిల్ తెచ్చిన జట్టులో ప్రధాన స్ట్రైకర్. పెల్లెగ్రి 2018లో మొనాకోకు వెళ్లాక ఒకదాని వెనక ఒకటి గాయాలు పట్టి పీడించాయి. రోజుల లెక్కలో అణువంత తేడా లేదు, బతుకులు మాత్రం రెండు దారులు. ఈ జంటను నీ వ్యాసంలో పెట్టు, రికార్డు విలువ ఎంతో వివరించే పని తప్పుతుంది.

ఇక గోల్స్ సంగతి. కుర్ర జట్లలో వందలోపు మ్యాచ్‌లకే 480 పైన గోల్స్ కొట్టాడన్న అంకె లోకమంతా తిరుగుతోంది, నువ్వూ ఎత్తి రాశావు. భాగహారం చేసి చూడు, మ్యాచ్‌కి ఐదు దాటుతుంది. ఇటలీలో పదేళ్ల ఈడు పిల్లలు ఆడే ‘పుల్చీని’ స్థాయిలో జట్టుకు ఏడుగురే. దాని పైన ‘ఎసోర్దియెంతి’లో తొమ్మిది మంది. మైదానం చిన్నది, బంతి చిన్నది. ఆ వయసులో మిగతా పిల్లలకంటే ఒక్క జానెడు ఎత్తు ఎక్కువున్నా గోల్స్ రాశి పడతాయి. ఆ గోల్స్‌ను పెద్దల లీగ్ గోల్స్ పక్కన పెట్టడమంటే శేర్లనూ కిలోలనూ ఒకే తక్కెడలో వెయ్యడమే. స్థాయి పేరు చెప్పకుండా ఒక్క గోల్ కూడా రాయకు. పెద్ద జట్టుకు ముందు మెట్టైన కుర్రాళ్ల పోటీని ‘ప్రీమావేరా’ అంటారు, అంటే వసంతం. ఆ మాట అర్థం పాఠకుడికి చెప్పు, బాగుంటుంది.

2024 అక్టోబర్ 22న ఛాంపియన్స్ లీగ్‌లో బెల్జియం క్లబ్ బ్రూజ్ మీద జరిగిన మ్యాచ్‌ను నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. నేనైతే అక్కడ ఆగుతాను. వయసు 16 ఏళ్ల 226 రోజులు. మిలాన్ 3-1తో ముందుంది. ఆఖర్లో వచ్చిన బంతిని తలతో వలలోకి కొట్టాడు. జెర్సీ విప్పేసి అభిమానుల వైపు పరుగెత్తాడు. స్టేడియం హోరెత్తింది. అంతలో వీఏఆర్, అంటే వీడియో చూసి తేల్చే పద్ధతి, ఆఫ్‌సైడ్ తేల్చింది, గోల్ లేదు. లెక్కల పుస్తకంలో ఆ రోజు అతని పేరు పక్కన ఉన్నది సున్నా. ఆ సున్నానీ, విప్పిన జెర్సీనీ ఒకే పేరాలో పక్కపక్కన పెట్టు. పైన ‘పాపం’ అనకు.

అదే ఏడాది జూన్ 5న లిమసోల్‌లో అండర్-17 యూరో ఫైనల్ జరిగింది. ఇటలీ పోర్చుగల్‌ను 3-0తో ఓడించింది, అందులో రెండు గోల్స్ ఇతనివి. ఇది నీ దగ్గర బాగానే వచ్చింది, కదపకు.

ఒప్పందం దగ్గర ఒక పొరపాటు ఉంది. ‘మిలాన్ మూడేళ్లకే పరిమితం చేసింది, నమ్మకం లేకనే’ అని రాశావు. ఫీఫా నిబంధన ప్రకారం 18 నిండని ఆటగాడి వృత్తి ఒప్పందం మూడేళ్లకు మించకూడదు. 16 నిండాక 2027 దాకా కుదిరింది, అంటే నియమం ఇచ్చినంతా ఇచ్చారన్నమాట. నియమం తెలియకపోతే మనం మనసులు ఊహిస్తాం, ఎదుటివాళ్లకు అన్యాయం జరుగుతుంది.

లెచ్చేకు ‘అమ్మేశారు’ అన్నదీ తప్పే. 2025లో అతను వెళ్లింది లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా. ఇటలీలో ఇలాంటి లోన్‌లకు తగిలించే తోకలు రెండు రకాలు. ‘దిరిత్తో’ అంటే కొనే హక్కు, ఇష్టమైతే కొనొచ్చు. ‘ఓబ్లిగో’ అంటే కొని తీరాలి. కమార్దా విషయంలో లెచ్చేకు ఇచ్చింది హక్కు. దాని మీద మిలాన్ తిరిగి కొనుక్కునే హక్కు పెట్టుకుంది. ఈ రెండో హక్కే చెబుతుంది, కుర్రాణ్ణి వాళ్లు వదులుకోలేదని.

అసలు లోన్ ఎందుకంటే, ప్రీమావేరాకూ పెద్ద జట్టుకూ మధ్య ఉన్న గుంత దాటడానికి. దాన్ని పూడ్చాలనే మిలాన్ 2024లో ‘మిలాన్ ఫుతూరో’ అనే రెండో జట్టును మూడో అంచె లీగ్ సీరీ-సిలో దింపింది. యువెంతుస్ 2018లోనే, అతలాంతా 2023లో ఆ పని చేశాయి. సీరీ-సి అంటే మూడు గ్రూపుల్లో 60 జట్లు, ముప్పై దాటిన డిఫెండర్లు, మోచేతులు. మిలాన్ ఫుతూరో మొదటి సీజన్‌లోనే, కింది లీగ్‌కు ఎవరు దిగాలో తేల్చే ప్లే-అవుట్‌లో, స్పాల్ జట్టు చేతిలో ఓడి సీరీ-డికి దిగిపోయింది. ఇది వదిలేశావు, బహుశా కథ మసకబారుతుందని. పెట్టెయ్. కమార్దా ఆ జట్టుకూ ఆడాడు, పై జట్టు పిలిచినప్పుడల్లా పైకీ వెళ్లాడు. వారం వారం డ్రెస్సింగ్ రూమ్ మారితే పదహారేళ్లవాడికి లయ ఎలా కుదురుతుంది? ఆ ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు. మరో ఇటలీ కుర్రాడు విల్ఫ్రీడ్ న్యోంతో 2020లో, పదహారేళ్లకే, ఇంటర్ క్లబ్ వదిలి స్విట్జర్లాండ్ క్లబ్ జ్యూరిచ్‌కు వెళ్లింది కూడా ఇలాంటి గుంత దాటడానికే. 2022లో అక్కడ లీగ్ గెలిచాడు, అదే జూన్‌లో జర్మనీ మీద ఇటలీకి గోల్ కొట్టాడు. పోలికకు ఒక్క వాక్యం చాలు.

పేర్ల గురించి. ఇంగ్లిష్ వ్యాఖ్యాతల నోట విని రాయకు. ఇటాలియన్ త, ద మన త, ద లాగే పళ్లకు తగులుతాయి: కమార్దా, కమార్డా కాదు. ఒత్తు ఉన్నచోట ఒత్తు పలుకుతారు: లెచ్చే, దిరిత్తో. ఈ విషయంలో తెలుగు లిపికి ఉన్న సౌకర్యం ఇంగ్లిష్‌కు లేదు. వాడుకో.

చివరి పేరాలో 2025 సెప్టెంబర్ 28న లెచ్చే తరఫున బొలోన్యా మీద ఇంజురీ టైమ్‌లో కొట్టిన తొలి సీరీ-ఎ గోల్‌తో ఆపావు. స్కోరు 2-2, తలతో కొట్టిన గోల్, మ్యాచ్ నిలబడింది. మంచి ముగింపే అనిపిస్తుంది. కానీ సరిగ్గా నెలకు, అక్టోబర్ 28న, నాపోలీతో స్కోరు 0-0గా ఉండగా లెచ్చేకు పెనాల్టీ వచ్చింది. బంతి పట్టుకుని వెళ్లింది ఈ పదిహేడేళ్లవాడే. గోల్‌కీపర్ మిలింకోవిచ్-సావిచ్ ఆపేశాడు. లెచ్చే 0-1తో ఓడింది. వ్యాసాన్ని ఆ పెనాల్టీ దాకా నడిపించు.

సీజన్ల వారీగా పోటీ పేరు, మొదటి పదకొండులో దిగిన మ్యాచ్‌లు, బెంచ్ నుంచి వచ్చినవి, నిమిషాలు, నాలుగు గడులతో ఒక పట్టిక గీసి కొత్త ప్రతితో పాటు పంపు. పైన తేదీ వెయ్యి. ఇలాంటి కుర్రాడి అంకెలు వారంలో పాతబడిపోతాయి.

ఉంటాను,
మీ అన్నయ్య