పాత ల్యాప్‌టాప్‌ను పారేయాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ఒంగోలు. పదేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. లెక్కలన్నీ 2016లో కొన్న ల్యాప్‌టాప్‌లో, ఎక్సెల్‌లో రాసుకుంటాను. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావని, 11 ఇందులో ఎక్కదని, కొత్తది కొనుక్కోమని రిపేరు షాపతను అంటున్నాడు. మా మరిదేమో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేస్తానంటున్నాడు. ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందని నాకు టెన్షన్. లెక్కలు పోతే నా గతేంటి?

జవాబు: షాపతను అబద్ధం చెప్పలేదమ్మా. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ తర్వాతదో కావాలి. 2016 మెషిన్‌లో ఆ ప్రాసెసరు ఉండదు. అంతమాత్రాన మెషిన్ చెడిపోయినట్టు కాదు. కీబోర్డు, స్క్రీను బాగుంటే దానికింకా ఆయుష్షుంది.

మీ మరిది మాట వినండి. కానీ ఇవాళే విండోస్ తుడిచేయనివ్వకండి. మింట్‌ను ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్నుంచే ల్యాప్‌టాప్ ఆన్ చేయొచ్చు. ఇన్‌స్టాల్ అన్న బొమ్మ నొక్కి ముందుకెళ్తే తప్ప అది మీ విండోస్ జోలికి పోదు. అలా రెండు మూడు రోజులు వాడి చూడండి. వైఫై అందుకుంటోందా, స్పీకరు మోగుతోందా, మీ ప్రింటరు కాగితం లాగుతోందా అన్నవి ముఖ్యం. పెన్‌డ్రైవ్ మీద నడిచినంతసేపూ కాస్త నెమ్మదిగా ఉంటుంది, దానికి బెంబేలు పడకండి. ర్యామ్ 4 జీబీ ఉంటే చాలు. లోపల పాతరకం తిరిగే హార్డ్‌డిస్కే ఉంటే మాత్రం ఎస్పీ రోడ్డుకు తీసుకెళ్ళి ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు, వేయించండి. ఆ ఖర్చు దండగ కాదు.

ఇక లెక్కలు. మింట్‌తో పాటే లిబ్రే ఆఫీస్ వస్తుంది. అందులోని కాల్క్ మీ ఎక్సెల్ ఫైళ్ళను తెరుస్తుంది. మామూలు కూడికలు, శాతాలు అన్నీ నడుస్తాయి. ఎవరిచేతైనా మ్యాక్రోలు, అంటే ఎక్సెల్‌లో పనులు వాటంతటవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రాములు, రాయించుకుని ఉంటే అవి మాత్రం మొరాయించవచ్చు. మీ ఆడిటరు ట్యాలీలోనే కావాలంటే కూడా ఇబ్బందే, అది లినక్స్‌లో నేరుగా నడవదు. ఏం చేసినా, ముందు ఫైళ్ళన్నీ రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసి పెట్టుకోండి. ఒక కాపీ ఇంట్లో కాకుండా మీ మరిది దగ్గర ఉంటే ఇంకా మంచిది.

మెలిక గురించి అడిగారు కాబట్టి నా సంగతి చెబుతాను. పాతికేళ్ళ కిందట చిక్‌పేటలో తెలుగు శుభలేఖలకు డీటీపీ చేసేదాన్ని. అప్పట్లో డబ్బులు పెట్టి కొన్న తెలుగు సాఫ్ట్‌వేర్‌తో పాటు డాంగిల్ అని బొటనవేలంత ముక్క ఇచ్చేవారు. అది కంప్యూటరు వెనక గుచ్చితేనే తెలుగు కనపడేది. ఒకరోజు అది పాడైంది. కంపెనీవాళ్ళు మార్చివ్వలేదు, కొత్త వెర్షన్ కొనుక్కోమన్నారు. ఆ సాయంత్రం ఒక పెళ్ళి కార్డు ఫైలు తెరిచాను. వధువు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. నా చేత్తో నేను కొట్టిన అక్షరాలే, నాకే దక్కలేదు. అలా ఆరేళ్ళ పని పోయింది. డబ్బు కట్టిన సాఫ్ట్‌వేర్‌లోనే నేను మెలిక చూశానమ్మా.

లినక్స్, లిబ్రే ఆఫీస్ లాంటివాటి లైసెన్సు ఎవరైనా వాడుకోవచ్చు, కాపీ ఇవ్వొచ్చు, కోడ్ చదివి మార్చుకోవచ్చు అంటుంది. 2010లో ఇది ఎంత పనికొచ్చిందో చూశాం. ఓపెన్ ఆఫీస్ అనే ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ ఏడాది మొదట్లో ఒరాకిల్ కంపెనీ చేతికి వెళ్ళింది. అందులో పనిచేసేవాళ్ళలో చాలామందికి నమ్మకం చిక్కలేదు. కోడ్ తీసుకుని బయటికొచ్చి లిబ్రే ఆఫీస్ మొదలుపెట్టారు. పాత ఫైళ్ళన్నీ అందులో మామూలుగానే తెరుచుకున్నాయి. యజమాని మారితే మన ఫైలుకు తాళం పడే పరిస్థితి లేదు. ఊరికే రావడం కంటే నాకు ఇదే ఎక్కువ.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో పీజీలో ఉండి చదువుకుంటున్నాను. మింట్ వేసుకున్నాను గానీ వైఫై రావట్లేదు. ఆన్‌లైన్‌లో వాడేవాళ్ళ గ్రూపులో "అర్జెంట్, వైఫై ప్రాబ్లమ్, హెల్ప్" అని పెట్టాను. రెండు రోజులైనా ఎవరూ పలకలేదు. కస్టమర్ కేర్ లేనప్పుడు ఎవరిని పట్టుకోవాలి?

జవాబు: బాబూ, ముందు పని జరగనివ్వు. ఫోన్‌ను ఛార్జింగు కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి. నెట్ వస్తుంది. తర్వాత మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరువు. కొన్ని వైఫై చిప్పులకు, ముఖ్యంగా కొన్ని బ్రాడ్‌కామ్ వాటికి, డ్రైవరు, అంటే ఆ చిప్పును నడిపే చిన్న సాఫ్ట్‌వేర్, విడిగా వేసుకోవాలి. అక్కడ కనిపిస్తే టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యి.

అప్పటికీ రాకపోతే మళ్ళీ అడుగు, కానీ ఈసారి అవతలివాళ్ళకు దారి చూపించి అడుగు. నీకు జవాబిచ్చేది జీతం తీసుకునే మనిషి కాదు. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి అన్నం తిన్నాక కూర్చునే ఎవరో. అతనికి నీ మెషిన్ కనపడదు. మింట్‌లో సిస్టమ్ రిపోర్ట్స్ అని (కొత్త వెర్షన్లలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని) ఉంది. అందులో మెషిన్ వివరాలన్నీ ఒకచోట వస్తాయి, కాపీ చేసే బటన్ కూడా ఉంటుంది. అది అతికించు. ఏం చేశావో, ఏం కనిపించిందో రాయి. స్క్రీనుకు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టకు, అందులోంచి ఒక్క లైను కాపీ చేసుకోవాలన్నా కష్టం.

నేనూ మొదట్లో ఇలాగే ఫొటోలు పెట్టాను. ఒక అప్‌డేట్ తర్వాత నా ల్యాప్‌టాప్‌లో సౌండు పోయింది. ఏ దేశమో కూడా తెలియని ఒకాయన ఓపిగ్గా మూడు రాత్రులు ఒక్కో మెట్టూ చేయించాడు. చివరికి దొరికింది చిన్న కారణం. సౌండు స్పీకర్లకు బదులు టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ పోర్టుకు పోతోంది. నీది తేలాక, ఏం చేస్తే పోయిందో అక్కడే రాయి. రేపు అదే చిప్పు ఉన్న ఇంకో కుర్రాడు వెతుక్కుంటూ వస్తాడు.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో మా అపార్టుమెంటు తెలుగువాళ్ళం ఉగాదికి చిన్న సంచిక అచ్చు వేస్తున్నాం. ఫాంట్లకు డబ్బు కట్టాలా?

జవాబు: అక్కర్లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, అచ్చుకు కూడా వాడుకోవచ్చు. వ్యాసాలకు మండలి, శీర్షికలకు రామభద్ర పెట్టి చూడండి. అన్నీ యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటరైనా చదవగలిగే అక్షర పద్ధతిలోనే, కొట్టండి. పాత ఫాంట్లలో కొట్టిన రచనలు ఎవరైనా పంపితే ముందు కన్వర్టరుతో మార్చి, తర్వాత ప్రూఫు చూడండి. వత్తుల దగ్గరే తప్పులు దొర్లుతాయి.

ఇంకో మాట. "సాఫ్ట్‌వేర్" అని కొడితే చాలాసార్లు "సాఫ్ట్వేర్" అని, ట వత్తుతో పాటు వ వత్తు కూడా ఫ కిందికి వచ్చి కూర్చుంటుంది. ట్ అన్నదానికీ వే అన్నదానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం పెడితే విడిపోతుంది. లిబ్రే ఆఫీస్‌లో U+200C అని కొట్టి, ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే అది వస్తుంది. పీడీఎఫ్ తీశాక ఒక పేజీ ప్రింటు వేసి, ఇలాంటి మాటలన్నీ ఒకసారి వేలు పెట్టి చూసుకుని అప్పుడు ప్రెస్సుకు పంపండి.