చిన్న నట్లు, సన్న స్క్రూలు: కొత్తగా బల్ల వేసుకున్న నీకు

బిడ్డా,

పరకాలలో వాచీలు, కళ్లద్దాలు రిపేరు చేసే బల్ల వేసుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. హన్మకొండ చౌరస్తా దగ్గర 34 ఏండ్లు నేను చేసింది అదే పని. బోర్డు ఎట్లా రాయించాలె, లైటు ఎక్కడ పెట్టాలె అనేవి నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను రాసేది చేతిలో పట్టుకునే సన్న సామాను గురించే. దుకాణానికి మంచి పేరు వచ్చినా, పోయినా దాని మొన దగ్గరే.

ముందు నట్టు డ్రైవరు సంగతి. కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లు దాన్ని కొనరు, పట్టకారు ఉంది కదా అనుకుంటారు. రిమ్‌లెస్ కళ్లద్దాలకు చుట్టూ ఫ్రేము ఉండదు. అద్దానికే బెజ్జం వేసి, అందులోంచి బోల్టు దూర్చి, వెనక నట్టు బిగిస్తారు. ఆరు పలకల నట్టు, ఎక్కువగా 2.5 మిల్లీమీటర్లది వస్తుంది. పట్టకారుతో పడితే రెండు పలకలే దొరుకుతాయి. కొంచెం వంకర పోయిందంటే జారి, పట్టకారు ముక్కు నేరుగా అద్దం మీద గీత పెడుతుంది. నట్టు డ్రైవరు మొన లోపల ఆరు పలకల గుంట ఉంటుంది, అది నట్టును అన్ని వైపులా ఒకేసారి పట్టుకుంటుంది. కొనేటప్పుడు ఆ గుంట లోతు చూసుకో. నట్టు దాటి బోల్టు తోక బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆ తోక లోపల పట్టకపోతే డ్రైవరు నట్టు మీద పూర్తిగా దిగదు, పైఅంచు మీదే కూర్చుని పలకలు అరగదీస్తుంది. నక్షత్రం లాంటి నట్లు కూడా వస్తాయి, వాటికి వేరే మొన కావాలె.

బిగించేటప్పుడు అద్దానికి ఆనుకుని ప్లాస్టిక్ వాషర్ ఉందా లేదా చూడకుండా నట్టు ఎక్కించకు. డ్రైవరును వేలికొసలతోనే తిప్పు, పిడికిలితో పట్టుకోకు. అప్పటిదాకా తేలిగ్గా దిగిన నట్టు వాషరుకు తగలగానే బరువెక్కుతుంది, అది వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి పావు చుట్టు. అద్దం ఊగుతుందేమో చూడు. ఊగితే ఇంకొంచెం తిప్పు, లేకపోతే చెయ్యి తీసేయ్.

ఈ పావు చుట్టు సంగతి నాకు నష్టంతోనే తెలిసింది. పని మొదలుపెట్టిన రెండో ఏడు, భూపాలపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన మనవడిని వెంటబెట్టుకుని వచ్చాడు. అద్దం వదులైందన్నాడు. నా దగ్గర నట్టు డ్రైవరు లేదు. పట్టకారుతో గట్టిగా బిగించాను. బెజ్జం దగ్గర వెంట్రుకంత గీత పడింది, నేను చూస్తుండగానే అంచుదాకా పాకింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మనవడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి బస్టాండుకు తీసుకుపోయాడు. డబ్బులు నేనే పెట్టి అద్దం చేయించి పంపాను గానీ, వారం రోజులు ఆయన చూపు లేకుండా ఉన్నాడు కదా అన్న బాధ ఇప్పటికీ పోలేదు.

ఇక వాచీల స్క్రూడ్రైవర్లు. స్విట్జర్లాండ్ బెర్జియాన్ కంపెనీ వాళ్ల సెట్టులో ప్రతి సైజుకు ఒక రంగు ఉంటుంది: 0.80 మిల్లీమీటర్ల మొనకు పసుపు, 1.00 నలుపు, 1.20 ఎరుపు. అంత ఖరీదు పెట్టలేకపోతే మామూలు సెట్టే కొనుక్కో, కానీ మొనలు విడిగా మార్చుకునేది తీసుకో. మొన వెడల్పు స్క్రూ తల మీది గాడి అంత ఉండాలె, తల దాటి బయటికి రావొద్దు. సన్నది పెట్టి తిప్పితే గాడి అంచులు చెరిగిపోతాయి. మొన మరీ కత్తిలా ఉన్నా తప్పే, గాడి నిండదు. ఆయిల్ స్టోన్ (నూనె వేసి పదును పెట్టే రాయి) మీద రెండు వైపులా సమానంగా రుద్ది, కొస కొంచెం మొద్దుగా ఉంచు. ఐ గ్లాసు (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టుకుని గాడిలో మొన ఎట్లా కూర్చుందో చూసిన తర్వాతనే తిప్పు.

పట్టుకునే పద్ధతి: చూపుడు వేలు పైన తిరిగే టోపీ మీద, బొటనవేలు, నడిమి వేలు డ్రైవరు ఒంటి మీద. చూపుడు వేలు కిందికి ఆనించే ఉండాలె. తిప్పే వేళ్లకు ఎక్కువ బలం పెట్టకు. జారడం ఎప్పుడైనా పైవేలు తేలిపోవడం వల్లనే. బిగించే ముందు స్క్రూను ఒకసారి ఎడమకు తిప్పు. ‘టిక్’ అని మర మీద మర కూర్చున్నట్టు తెలుస్తుంది, అప్పుడు కుడికి తిప్పు. ఇట్లా చేస్తే త్రెడ్డు ఎక్కడా అడ్డం పోదు.

మొనకు అయస్కాంతం పట్టించుకోవాలని నీకు అనిపిస్తుంది, స్క్రూ అంటుకుని వస్తే సుఖమే కదా. ఫోన్లకు పర్వాలేదు, చావి వాచీకి మాత్రం వద్దు. లోపల చుట్లు చుట్లుగా ఉండే సన్న హెయిర్ స్ప్రింగుకు అయస్కాంతం పట్టితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు ఉరుకుతుంది. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన వాళ్ల పిల్లలు తండ్రి చేతికి కట్టుకున్న హెచ్ఎంటి వాచీ తెస్తారు. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ వాళ్ల సాయంతో మొదలైన ఫ్యాక్టరీది అది. అటువంటిదాన్ని పాడుచేస్తే డబ్బులిచ్చి సరిపెట్టలేం. స్క్రూ అందుకోవాలంటే చిమ్టా కొసకు ఆవగింజంత మైనం అద్దు, అంటుకుంటుంది. చావి వాచీలలో క్రౌన్ వీల్ (చావి ఇచ్చినప్పుడు తిరిగే పళ్ల చక్రం) స్క్రూకు తల మీద మూడు గాట్లు కనిపిస్తే ఆగు. మామూలుగా అది ఎడమ మర అన్న గుర్తు. రోజూలాగే ఎడమకు తిప్పితే ఇంకా బిగుసుకుని విరిగిపోతుంది.

ఎండాకాలం చెమటకు కళ్లద్దాల మడత స్క్రూలు తుప్పుపట్టి వస్తాయి. మేడారం జాతర వెళ్లిన వారమైతే మడతల్లో ఎర్ర దుమ్ము కూడా ఉంటుంది. ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలెయ్. తెల్లారి ముందు కొంచెం బిగించే వైపు కదిలించి, తర్వాత విప్పు. గిరాకీ తొందరపెడితే రేపు రమ్మని చెప్పు, కోపం చేసినా సరే.

ఫోన్లు కూడా చూస్తానన్నావట. ఐఫోన్ కింది రెండు స్క్రూలు ఐదు రేకులవి, వేరే మొన కావాలె. లోపలి స్క్రూలు పొడవులు వేరువేరు, పొడుగుది పొట్టిదాని చోట పెడితే బోర్డులోకి దిగుతుంది. కాగితం మీద బొమ్మ గీసి, ఏది ఎక్కడిదో అక్కడే పెట్టుకో.

బల్ల మీద తెల్ల గుడ్డ పరచు, అంచులున్న పళ్లెం పెట్టు, ఫ్యాను నేరుగా తగలకుండా చూసుకో.

మీ నాన్న మొన్న వచ్చినప్పుడు డబ్బా ఇచ్చి పంపాను. అందులో నా నట్టు డ్రైవరు, ఆయిల్ స్టోన్, పది పాత రిమ్‌లెస్ ముక్కలున్నాయి. గిరాకీ లేనప్పుడు వాటి నట్లు విప్పి, మళ్లీ బిగించు. నాలుగైదు అద్దాలు పగులుతాయి, పగలనీ. దసరాకు నేను వచ్చినప్పుడు నీ బల్ల ముందు కూర్చుని నీ పైవేలు చూస్తా.

మీ పెద్దబాపు