లాటిన్ రాకపోయినా క్లాసికల్ క్రైస్తవ విద్య మొదలుపెట్టవచ్చా? (రాయగడ)

ప్రశ్న: మాది రాయగడ. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా సంఘంలో పన్నెండు మందితో క్లాసికల్ క్రైస్తవ విద్య మొదలుపెడదాం, మన సంస్కృతి బాగుపడుతుంది అంటున్నారు. లాటిన్ నేర్పాలా? అమెరికా పుస్తకాలు తెప్పించాలా?

జవాబు: లాటిన్ వద్దండి. పుస్తకాల సెట్టు కూడా మొదటి ఏడాది కొనకండి.

1947లో ఇంగ్లీషు రచయిత్రి డొరతీ సేయర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగమే ఈనాటి ఈ పద్ధతికి మూలం. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే పాత మూడు మెట్లూ పిల్లల వయసుకు అతుకుతాయని ఆవిడ వాదన. చిన్నప్పుడు వల్లెవేయడం సరదా, పన్నెండు దాటితే ఎదురు వాదించడం సరదా. మన వీధిబడుల్లో అమరం, ఎక్కాలు బట్టీ పట్టించినవాళ్లకు ఇందులో మొదటి మెట్టు కొత్తేమీ కాదు. 1981లో అమెరికా ఐడహో రాష్ట్రంలోని మాస్కో అనే ఊళ్లో లోగోస్ స్కూల్ ఈ పద్ధతితో మొదలైంది. వాళ్లు లాటిన్ పట్టుకోవడానికి కారణం ఉంది. ఇంగ్లీషు మాటల్లో పెద్ద భాగం అక్కడినుంచే వచ్చింది.

మనకు ఆ పని సంస్కృతం చేస్తుంది. పైగా రెండు భాషలకూ ఒకేసారి. 'కృ' ధాతువు చెప్పి కర్త, కర్మ, కార్యం, కృతి రాయిస్తే తెలుగూ వస్తుంది, ఒడియా మార్కులూ పెరుగుతాయి. సంస్కృతం మనకెందుకని పెద్దలు అడుగుతారు. ఐగుప్తు నుంచి బయల్దేరిన ఇశ్రాయేలీయులు అక్కడి బంగారం వెంట తెచ్చుకున్నట్టే అన్యుల విద్యలో మంచిని తెచ్చుకోవచ్చని తొలినాళ్ల సంఘ పండితుడు అగస్టీన్ ఎప్పుడో రాశాడు. అయినా కృప, రక్షణ, ఆత్మ ఎక్కడి మాటలు? మన పక్క గంజాం సీమలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడేటప్పుడు ఎవరికీ ఆ అనుమానం రాదు.

శనివారం రెండు గంటలు చాలు. మొదటి ఏడాది 8 నుంచి 11 ఏళ్లవాళ్లనే తీసుకోండి. పెద్దపిల్లలు కలిస్తే చిన్నవాళ్లు నోరు విప్పరు. కంఠస్థం 20 నిమిషాలు, కథ తిరిగి చెప్పడం 30, డిక్టేషన్ 20, దీర్ఘాల సాధన 10, ధాతువులు 20, చివర్లో తాళంతో ఒక కీర్తన 20.

కంఠస్థానికి 119వ కీర్తన బాగుంటుంది. 22 భాగాలు, ఒక్కోదానిలో 8 వచనాలు. రెండు వారాలకో భాగం అనుకుంటే 44 వారాలు. పరీక్షలకు, కోతలకు 8 వారాలు మిగులుతాయి. లూథరన్ సంఘమైతే 1529లో లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరితో మొదలుపెట్టండి. అసలు చిక్కు బైబిల్ తెలుగుతో వస్తుంది. 'నాకు లేమి కలుగదు' అని గడగడా అప్పజెప్పే పిల్లకు 'లేమి' అంటే తెలియదు. ప్రతి వచనాన్నీ ఇంటి మాటల్లో చెప్పించాకే ముందుకు వెళ్లండి.

కథ తిరిగి చెప్పించడానికి ఉపమానం ఒక్కసారే చదవాలి. రెండోసారి చదువుతారని తెలిస్తే మొదటిసారి ఎవరూ వినరు. చెప్పే పిల్లాడు తడబడితే మాట అందించకండి. వదిలేసినవి మిగతావాళ్లు పట్టుకోవాలి.

డిక్టేషన్ నాలుగు పంక్తులు మించకూడదు. ఒడియా పలుకుబడిలో ఇ-ఈ, ఉ-ఊ తేడా వినబడదు. ఎ-ఏ, ఒ-ఓలకు వేరువేరు అక్షరాలే లేవు. అందుకే మెడ-మేడ, నెల-నేల, కొన-కోన కలిసిపోతాయి. 'క'ను 'కొ' అని చదవడమూ అక్కడినుంచి వచ్చిందే. బద్ధకం అనుకుని తిట్టకండి. పది నిమిషాలు జంటలు పలికించి రాయిస్తే క్రమంగా సర్దుకుంటుంది.

అమెరికా సెట్లలోని తేదీల పట్టికను మాత్రం మార్చి తీరాలి. 325 నైసియా సంఘ సభ, 1517 లూథర్ సంస్కరణ ఉంచండి. 1818 తెలుగు కొత్త నిబంధన, 1854 పూర్తి తెలుగు బైబిల్, 1882 కోరాపుట్ వైపు జర్మనీలోని బ్రెక్లుం మిషనరీల రాక, 1936 ఏప్రిల్ 1 ఒడిశా ఏర్పాటు చేర్చండి. తన ఊరు లేని చరిత్ర బట్టీపట్టిన పిల్లాడు ఏ సంస్కృతిని బాగుచేస్తాడు?

తర్వాతి ఏళ్లలో, పన్నెండు దాటినవాళ్లకు తర్కం. వాదనలో జరిగే తప్పులకున్న లాటిన్ పేర్లు చెప్పి బోర్ కొట్టించకండి. 'పాస్టర్లందరూ బైబిల్ చదువుతారు, మామయ్య చదువుతాడు, కాబట్టి మామయ్య పాస్టర్' అని చెప్పి ఎక్కడ తప్పిందో అడగండి. మన పాత తర్కమైన న్యాయశాస్త్రంలో, కొండమీద పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే అనే ఉదాహరణకు మీకు బొమ్మ కూడా అక్కర్లేదు, పోడు కాల్చే రోజుల్లో కిటికీ తెరిస్తే చాలు. అయితే ఈ దశలో పిల్లలు సంఘ పెద్దలతో తగువు పెట్టుకుంటారు. ఒక నియమం పెట్టండి: ఎదుటివాళ్ల మాటను వాళ్లే ఒప్పుకునేలా తిరిగి చెప్పాకే కాదనాలి. వక్తృత్వం సంగతి నాలుగేళ్ల తర్వాత చూసుకోవచ్చు.

'స్కూల్' అని బోర్డు మాత్రం పెట్టకండి. 2009 విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేని బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా. శనివారం తరగతి అంటే చాలు. మొదటి శనివారం ఏమీ నేర్పకుండా నాలుగు పంక్తుల డిక్టేషన్ పెట్టి చూడండి. పన్నెండు మందిలో ఎందరు నెలను నేలగా రాశారో లెక్కపెట్టుకుంటే దీర్ఘాలకు పది నిమిషాలు చాలుతాయో, ఇరవై కావాలో తెలిసిపోతుంది.