రాకెట్ చరిత్ర తేదీల చార్టు వేస్తూ మీరు అడిగారు: సోవియట్ రాకెట్ ఇంజనీర్ కొరొల్యోవ్ పుట్టింది 1906లోనా, 1907లోనా?
రెండూ కరెక్టే, క్యాలెండర్లే వేరు. జితోమిర్‌లో (ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఊరు) ఆయన పుట్టేనాటికి రష్యా సామ్రాజ్యంలో పాత జూలియన్ క్యాలెండర్ నడిచేది. అందుకే ఒక పుస్తకంలో పాత లెక్కన 1906 డిసెంబర్ 30, ఇంకోదాంట్లో మనం ఇప్పుడు వాడే కొత్త (గ్రెగోరియన్) లెక్కన 1907 జనవరి 12.

మీ చార్టులో రష్యా పాత తేదీలను కొత్త లెక్కలోకి ఇలా మార్చండి:

1. 1900 మార్చి తర్వాతి పాత తేదీలకు 13 రోజులు కలపండి.

2. చాలామంది మరిచేది ఇదే: 19వ శతాబ్దం తేదీలకు 12 రోజులే. రాకెట్ సిద్ధాంతానికి ఆద్యుడు త్సియొల్కోవ్‌స్కీ పుట్టిన 1857 సెప్టెంబర్ 5 కొత్త లెక్కలో 17 అవుతుంది. మీ చార్టులో 18 వచ్చింది అన్ని తేదీలకూ 13 కలిపినందుకే.

3. 1918 ఫిబ్రవరి 14 నుంచి ఏమీ కలపొద్దు, అప్పటికి రష్యా కొత్త క్యాలెండర్‌కు మారింది. గిర్డ్-09 అనే సోవియట్ రాకెట్ ఎగిరిన 1933 ఆగస్టు 17ను ముట్టుకోకండి.