ఆపిల్ ఆకులోనే మందుంటే మళ్ళీ పురుగెందుకు పడుతుంది?

"ఆపిల్ చెట్టులో సహజంగానే పురుగుల్ని ఆపే రసాయనాలు ఉంటాయంటారు కదా, మరి మందు కొట్టకుండా పెంచలేమా?" అని ఒకరు అడిగారు.

ఉంటాయి. అనుమానముంటే మందు కొట్టని చెట్టు నుంచి లేతాకు ఒకటి కోసి నమిలి చూడండి. చేదు నాలుక మొదట్లో పట్టుకుని ఒక పట్టాన వదలదు. ఆ చేదులో పెద్ద వాటా ఫ్లోరిడ్జిన్ అనే పదార్థానిది. 1835లో దీన్ని మొదట తీసింది ఆపిల్ వేరు బెరడు నుంచే. ఎండిన ఆకు బరువులో నూటికి ఐదు పాళ్ళు దాటి కూడా ఉంటుంది. ఇప్పుడు షుగర్ పేషెంట్లు వేసుకునే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలకు మూలం కూడా ఇదే. పురుగు ఆకు కొరకగానే కణాలు చితికి, అందులోని ఎంజైములు ఫ్లోరిడ్జిన్‌ను ఫ్లోరెటిన్ అనే మరో రక్షణ పదార్థంగా విడగొడతాయి.

కానీ ఈ చేదు పరాయి పురుగులకే. పీచ్ చెట్టు మీద పెరిగే, రసం పీల్చే పచ్చ పేనుబంక దీని రుచి చూసి వెనక్కి తగ్గుతుంది. ఆపిల్‌నే నమ్ముకున్న పేనుబంక మాత్రం లెక్కే చేయదు. కాయ తొలిచే కాడ్లింగ్ మాత్ సంగతైతే ఇంకా అన్యాయం. కాయ తొక్క మీది ఆల్ఫా ఫార్నెసీన్ వాసనే అప్పుడే గుడ్డు పగిలిన పిల్లపురుగుకు దారి చూపిస్తుంది.

మా బావ దగ్గర రెండు ఆపిల్ చెట్లుండేవి, ఒకే రకం, ఒకే వయసు. ఒకటి సరిగా ఎదగడం లేదని దానికి మాత్రం యూరియా దట్టించాడు. చిగుళ్ళు ఎగబాకాయి, ఆకులు అరచేతులంత అయ్యాయి. చూసుకుని మురిసిపోయాడు. కొన్నాళ్ళకు ఆ చిగుళ్ళే గొట్టంలా ముడుచుకున్నాయి. ఒకటి విప్పి చూస్తే లోపల సందు లేకుండా పేనుబంక, వేలికి జిగురు. కింది ఆకుల మీద మసి, కాండం మీద చీమల బారు. పక్కన ఎరువు వేయని చెట్టు ఆకులు చిన్నవే, కాస్త ముదురు, నాలుగు కొమ్మల్లో తప్ప పేను లేదు. "నీ చెట్టుకి జబ్బు కాదు బావా, తిండెక్కువైంది" అంటే వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నా దృష్టిలో అసలు గొడవ అక్కడే. యూరియాలోని నత్రజని ఎక్కువైతే చెట్టు పెరుగుదల మీద పడి ఫ్లోరిడ్జిన్ లాంటి ఫినాల్ పదార్థాలు తగ్గించుకుంటుంది. పైగా రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, పేనుకు పండగ. ముందు చెట్టును మనమే మెత్తబరిచి, తర్వాత వాట్సాప్‌లో వచ్చిన వెల్లుల్లి, మిరపకాయ కషాయాలు కొడుతూ కూర్చుంటాం. ఆ మెసేజ్ రాసినవాళ్ళలో సగం మంది ఆపిల్ చెట్టును ముట్టుకుని ఉండరని నా గట్టి నమ్మకం.

ఇంకొకటి, ఎవరూ అడగనిది: మీ అంటు కింద ఏ రూట్‌స్టాక్, అంటే ఏ వేరు మొక్క ఉంది? దూదిపేను అని ఒకటుంటుంది. కొమ్మ కోసిన గాట్లలో తెల్లటి దూదిలా కనిపిస్తుంది, బొటనవేలితో నలిపితే ఎర్రగా అంటుకుంటుంది. కొమ్మ మీద పెద్ద నష్టం ఉండదు, వేళ్ళలోకి దిగితే గడ్డలు కట్టి చెట్టును పీల్చేస్తుంది. నార్తర్న్ స్పై అనే పాత ఆపిల్ రకానికి దీన్ని తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంది. దాన్ని సంకరం చేసి ఇంగ్లండ్‌లో తయారుచేసినవే ఎంఎం 106, ఎంఎం 111 అనే రూట్‌స్టాక్‌లు. అందరూ ఎగబడే పొట్టి రకం ఎం 9కి ఆ రక్షణ లేదు. నేను మొక్క కొన్నచోట ఈ మాట అడిగితే "ఏదైతే ఏంటండీ, కాయ తియ్యగా ఉంటుంది" అన్నాడు. వేరు పేరు చెప్పలేనివాడి దగ్గర మొక్క కొనకండి.

ఎంఎం వేరు మీద పెంచినా పైకొమ్మల్లో దూదిపేను రావచ్చు, ఎందుకంటే ఆ గుణం వేరుదే, పైనున్న అంటుది కాదు. వస్తే పాత టూత్‌బ్రష్‌తో, సబ్బునీళ్ళతో రుద్దేయండి. దూది లేకుండా నల్లబడి, వీపున చిన్న చిల్లు పడ్డ పేలు కనిపిస్తే మాత్రం ఆ గుంపు జోలికి వెళ్ళకండి. అఫెలినస్ మాలి అనే బుల్లి కందిరీగ వాటిలో గుడ్లు పెట్టి పని మొదలుపెట్టిందన్నమాట, మిగతాది అదే చూసుకుంటుంది.