తాతయ్య రిపోర్టులూ, ఒక గ్రాఫు కాగితమూ

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. ఇంటర్ బైపీసీ అయింది. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. మా తాతయ్యకి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేస్తున్నారు. మా ఊళ్ళలో ఈ జబ్బు ఎందుకొస్తోందో కనిపెట్టే పనిలోకి వెళ్ళాలని నా కోరిక. నాన్నగారేమో డయాలసిస్ టెక్నీషియన్ కోర్సులో చేరితే తొందరగా ఉద్యోగం వస్తుందంటున్నారు. డాక్టరు చదవకపోతే కిడ్నీ మీద పరిశోధన కుదరదా?

జవాబు: నిక్షేపంలా కుదురుతుందమ్మా. మీ ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు సంగతికొస్తే, డాక్టర్లు కాని పరిశోధకుల అవసరం ఇంకా ఎక్కువ అంటాను నేను.

మామూలుగా కిడ్నీలు చెడిపోయాయంటే షుగరో, బీపీయో కారణం అంటారు. మీ కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు చాలామంది రోగులకి ఆ రెండూ ఉండవు. కొబ్బరి, జీడితోటల్లో పని చేసుకునే మనిషికి ఏ బాధా తెలియకుండానే క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపేయాల్సిన వ్యర్థం) రక్తంలో పెరుగుతూ పోతుంది. అన్నం సయించక, కాళ్ళు వాచి ఆసుపత్రికి వెళ్ళేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. తాగే నీళ్ళలో ఉన్న సిలికానా, ఎండలో చెమటోడుస్తూ దాహాన్ని ఓర్చుకోవడమా, పురుగుమందులా, ఒళ్ళునొప్పుల మాత్రలా? ఇన్నేళ్ళయినా కారణం ఇదేనని తేలలేదు. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కొట్టే కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. నికరాగువాలో కూలీలకి నీడ, నీళ్ళు, మధ్యమధ్య విశ్రాంతి కల్పించి చూస్తే కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. ఆ సంగతి తేలింది చెరకు తోటల్లో! అక్కడ రక్తం, మూత్రం నమూనాలు తీసేవాళ్ళు, నీళ్ళు పరీక్షించే కెమిస్టులు, లెక్కలు కట్టే స్టాటిస్టిక్స్ వాళ్ళు, ఊళ్ళలో జబ్బు ఎలా పాకుతోందో చూసే ఎపిడెమియాలజిస్టులు, అందరూ కావాలి.

నా సలహా సూటిగా చెబుతాను. కెమిస్ట్రీ గానీ బయోకెమిస్ట్రీ గానీ ఉండే బీఎస్సీలో చేరు. తర్వాత ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, ఆపైన సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళూ నెలకి 37,000 రూపాయలు ఫెలోషిప్ ఇస్తారు. పీహెచ్‌డీ అంటే ఇంటిమీద భారమని నాన్నగారు భయపడుతుంటే ఈ అంకె చూపించు. నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు కావాలంటే ఎంబీబీఎస్, ఎండీ, డీఎం కలిపి పదకొండున్నరేళ్ళు. ఆ దారి మీద మనసుంటే ఒక్క ఏడాది నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ ప్రయత్నించు, రెండో ఏడాది వద్దు.

నాన్నగారి మాట కొట్టిపారేయకు. డయాలసిస్ గది గొప్ప బడి. ఫిస్టులా వేసిన తాతయ్య చేతిమీద నీ వేళ్ళు మెల్లగా ఆనించి చూడు, లోపల తుమ్మెద రొద పెట్టినట్టు జుమ్మంటుంది. ధమనినీ సిరనీ కలిపి కుట్టడం వల్ల వచ్చే రక్తపు ఉరవడి అది. నాలుగు గంటల డయాలసిస్‌కి దాదాపు 120 లీటర్ల శుద్ధమైన నీళ్ళు పడతాయి. మిషన్ మోగినా, బీపీ పడిపోయినా, నీళ్ళు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటులో తేడా వచ్చినా ముందు పరుగెత్తేది టెక్నీషియనే. ఇంట్లో వెంటనే సంపాదన కావాలంటే ఆ కోర్సులోనే చేరు. అయితే డిప్లొమా కాదు, డిగ్రీయే చెయ్యి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. డిప్లొమాతో ఆగిపోతే పై చదువుల తలుపు మూసుకుపోతుంది. డిగ్రీ ఉంటే రెండేళ్ళు ఉద్యోగం చేసి, డబ్బు కూడబెట్టుకుని ఎంపీహెచ్‌కి (ప్రజారోగ్యంలో పీజీ) వెళ్ళొచ్చు. హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో ఆ కోర్సు ఉంది. రోగుల మధ్య తిరిగిన మనిషి ఎపిడెమియాలజీ చదివితే అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

ఏదో ఒకటి తేల్చుకునే లోపు ఒక పని చెయ్యి తల్లీ. ప్లాస్టిక్ సంచిలో కట్టి దాచిన తాతయ్య రిపోర్టులన్నీ బయటికి తీసి తేదీల వరసన పేర్చు. గ్రాఫు కాగితం మీద కింద తేదీలు, పక్కన క్రియాటినిన్ అంకెలు వేసి చుక్కలు కలుపు. గీత ఎప్పుడు పైకి లేచిందో చూడు. ఆ ఏడాది ఆయన ఏ తోటలో పని చేసేవారు, ఏ బోరు నీళ్ళు తాగేవారు, నొప్పులకి ఏ మాత్రలు మింగేవారు, తాతయ్యనే అడిగి పక్కన రాసుకో. డయాలసిస్ రోజున అలసిపోయి ఉంటారు, మర్నాడు పొద్దున్న అడుగు. నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకో, ఆయనకి గుర్తున్నవి కొన్ని ఉంటాయి. అదంతా రాశాక నాకు మళ్ళీ ఉత్తరం రాయి. బీఎస్సీలో ఏ కాంబినేషన్ తీసుకోవాలో అది చూసి మాట్లాడుకుందాం.